కొసగదిలో దిగే ఆవిడ

ఆధార్ కార్డులు రెండూ చేతికిచ్చాక కూడా కౌంటరు వెనకున్న పెద్దమనిషి మమ్మల్ని నమ్మలేదు. కార్డు మీది బొమ్మ కేసి ఒకసారి, నా మొహం కేసి ఒకసారి చూశాడు. గోడకి ఆనించి నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పమన్నాడు. అన్నీ అయ్యాక, "మీతో ఎవరూ రాలేదా మేడమ్?" అన్నాడు. డ్రైవరున్నాడని చెప్పాను. "డ్రైవరు కాదండీ, మీ తాలూకు మగవాళ్లు" అన్నాడు.

పక్కనున్న దయామణి చేతిసంచీ బల్ల మీద పెట్టింది. "మాకు అరవై అయిదు దాటినాయి బాబూ. కొండ ఇరిగి రోడ్డు మీద పడ్డాదని ఆగినాం. మమ్మల్ని సూస్తే నీకేటి అనుమానం వచ్చినాది?" అంది. ఆయన కొంచెం సిగ్గుపడి తాళం ఇచ్చాడు. అయినా మేము వరండా పొడుగునా నడుస్తున్నంతసేపూ వెనకనుంచి చూస్తూనే ఉన్నాడు. నాకెలా తెలుసంటే, నేనూ వెనక్కి తిరిగి చూశాను. ఆ బుద్ధి మా అమ్మది. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో, ఎవరు ఏ తలుపు ఎందుకు వేసుకున్నారో తెలిసేదాకా ఆవిడకి అన్నం సయించేది కాదు. నాకు ఆవిడ రంగు రాలేదు, జుట్టు రాలేదు, అది మాత్రం వచ్చింది.

దయామణి నా చిన్ననాటి స్నేహితురాలు. ముప్పయ్యేళ్లు పాడేరు, ముంచింగిపుట్టు చుట్టుపక్కల కొండల్లో నర్సుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. ఆవిడ పురుడు పోసిన ఒక పిల్లకి ముంచింగిపుట్టులో పెళ్లి కుదిరితే, పిలుపు అందగానే విజయనగరంలో ఉన్న నాకు ఫోన్ చేసింది. నేను బడిపంతులమ్మగా రిటైరై ఇంట్లో ఖాళీగానే ఉన్నాను. కారు మాట్లాడుకుని ఘాట్ రోడ్డు ఎక్కాం. అనంతగిరి దాటాక డ్రైవరుకి ఎవరో ఫోన్ చేసి, ముందర కొండచరియ జారిందనీ రేపు పొద్దున్నకి గానీ దారి ఇవ్వరనీ చెప్పారు. అతను కారు మెల్లగా నడిపి, పసుపుపచ్చ బోర్డున్న ఒక మోటెల్ ముందు ఆపాడు. బోర్డు కొత్తదే కానీ వాకిట్లో రాతిమెట్లు అయిదూ, మూడో మెట్టు అంచున పెచ్చు ఊడిన చోటూ నాకు తెలుసు. దయామణి కూడా గుర్తుపట్టింది. "ఒలే రత్నం, ఇది మీ బంగళాయే కదేటి" అని సంబరపడి నాకంటే ముందు దిగింది. నేను ఇంకో ఊరు దాకా పోదామన్నాను. దారి లేదని డ్రైవరు, కాళ్లు లాగుతున్నాయని దయామణి. దిగక తప్పలేదు.

అది మా బంగళా కాదు, సర్కారుది. రోడ్డు పనుల అధికారులూ అడవి అధికారులూ వచ్చిపోతూ రాత్రికి ఆగడానికి తెల్లవాళ్ల కాలంలో కట్టినది. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు ముసాఫరు బంగళా అనేవాళ్లు, చదువుకున్నవాళ్లు టీబీ, అంటే ట్రావెలర్స్ బంగళా అనేవాళ్లు. ఇప్పుడు గోడ మీద పెద్ద ఫ్రేములో, ఇది ఒక దొరగారి వేట బంగళా అనీ, ఆయన ఈ వరండాలో కూర్చునే పులిని కొట్టాడనీ రాసి పెట్టారు. నేను పుట్టి పెరిగింది ఈ వాకిట్లోనే. పులి మాట ఒక్కరైనా అనగా వినలేదు. పైగా ఆ వరండాలో కూర్చుంటే ఎదురుగా కనిపించేది రోడ్డు. పులి వచ్చి రోడ్డు మీద నిలబడాలి. ఫ్రేము పక్కనే గాజు బీరువాలో ఇత్తడి బకెట్టు, దీపం చిమ్నీ, చిలుం పట్టిన ఫోర్కులు పెట్టారు. అవైనా ఇక్కడివో, ఏ పాతసామాన్ల కొట్టులోనో కొన్నవో అని దగ్గరికెళ్లి చూశాను. తేల్చుకోలేకపోయాను.

మా నాన్న దానియేలు ఇక్కడ వాచ్‌మన్, వంటమనిషి కూడా. ఆయన వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న వంట అది. మిరియాల కోడికూర, బంగాళాదుంప కట్లెట్లు, ఆవిరి మీద వండిన గుడ్డు పుడ్డింగు. మా ఇంట్లో మాత్రం పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం సామల అన్నం. బంగళా వెనకాల రెండు గదుల క్వార్టర్సులో మేము ముగ్గురం. తెల్లవారేసరికి నాన్న వేన్నీళ్ల పొయ్యి అంటించేవాడు. తడికట్టెల పొగ, ఫినాయిలు, వేయించిన కాఫీగింజలు, చలిలో ఆరని దుప్పట్ల ముక్కిన వాసన, అన్నీ కలిసి ఒక వాసన ఉండేది. ఎక్కడైనా పాత సర్కారు ఆఫీసులో అడుగుపెడితే అందులో సగం ఇప్పటికీ తగులుతుంది. ఇప్పుడు మేము దిగిన గదిలో మాత్రం ఏదో నిమ్మగడ్డి స్ప్రే కొట్టారు. నేను దుప్పటి ఎత్తి పరుపు చూశాను, అద్దం వెనక చెయ్యి పెట్టి తడిమాను. దయామణి మంచం మీద వాలి నవ్వింది. "సుందరమ్మ అత్త దిగొచ్చినాది" అంది.

సుందరమ్మ మా అమ్మ. ఆవిడ కోళ్లు పెట్టిన గుడ్లని పొద్దునా సాయంత్రం లెక్కపెట్టేది. పాలు పోసే మనిషి ఏ గెడ్డ దాటి వచ్చాడో అతని కాళ్ల తడి చూసి చెప్పేది. నాన్న సంతకి వెళ్లి వస్తే చొక్కా ఉతికే ముందు వాసన చూసేది. ఆదివారం గుడిలో పాస్టరుగారు కళ్లు మూసుకోమన్నప్పుడు కూడా ఆవిడ ఒక కన్ను కొంచెం తెరిచే ఉంచేదని నాకు తెలుసు, ఎందుకంటే నాదీ తెరిచే ఉండేది. చెడ్డ మనిషి కాదు. జ్వరం వస్తే మూడు రోజులు పక్క దిగనిచ్చేది కాదు. కానీ లోకమంతా తన వెనకాల ఏదో గుసగుసలాడుకుంటోందని ఆవిడకి ఒక నమ్మకం. నాన్న మాట తక్కువ మనిషి కావడంతో అది ఇంకా పెరిగింది. అడిగితే చెప్పడు, చెప్పకపోతే ఈవిడ ఊహిస్తుంది.

అలాంటి ఇంటికి ఒక శనివారం మధ్యాహ్నం బస్సు దిగి ఒక ఆవిడ వచ్చింది. చినుకులు పడుతున్నాయి. నల్ల గొడుగు, చేతిలో గుడ్డసంచీ, మోచేతుల దాకా రవిక. ముప్పయ్యేళ్లుంటాయేమో. ముందు మెట్ల వైపు రాలేదు. చుట్టూ తిరిగి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నాన్నతో చాలాసేపు మెల్లగా మాట్లాడింది. ఆ బంగళాలో గది కావాలంటే పెద్ద ఆఫీసు నుంచి పర్మిట్ కాగితం తేవాలి. కాగితం లేని మనిషికి నాన్న మంచినీళ్లిచ్చి పంపించేసేవాడు, ఎంత బతిమాలినా సరే. ఆవిడ దగ్గర కాగితం లేదు. అయినా నాన్న కొసగది తాళం తీశాడు. రిజిస్టరులో పేరు రాయించుకోలేదు. మా అమ్మ క్వార్టర్సు కిటికీ దగ్గర బియ్యం చేట పట్టుకుని ఇదంతా చూసింది. చేటలో చెయ్యి ఆడడం ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకి ఆవిడ వెళ్లిపోయింది. నెల తిరిగాక మళ్లీ శనివారం వచ్చింది. మళ్లీ కొసగది, మళ్లీ రిజిస్టరు లేదు. మూడోసారి వచ్చినప్పుడు అమ్మ నన్ను దగ్గరికి పిలిచి జడ వేస్తూ చెవిలో చెప్పింది.

"ఒలే గుంటా, ఆ గొడుగావిడ ఏ ఊరిదో అడిగి రా. మీ నానతో ఏటి మాటాడతన్నాదో ఇని రా. నేనంపినానని సెప్పకు."

నాకు పదకొండేళ్లు. మిషను బడిలో చదువుతున్నాను. ఇంట్లో నాకంత ముఖ్యమైన పని ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. కాఫీ గ్లాసు పట్టుకెళ్లే వంకన కొసగదికి వెళ్లాను. ఆవిడ మంచం మీద కాగితాల కట్ట పరుచుకుని ఎర్రసిరాతో ఏదో దిద్దుకుంటోంది. వేళ్ల మీద ఎర్ర మరకలు. ఊరు అడిగితే విజయనగరం అంది. వచ్చే నెల మళ్లీ అడిగితే మర్చిపోయినట్టు బొబ్బిలి అంది. ఆపై నెల పార్వతీపురం. ప్రతిసారీ వచ్చి అమ్మకి అప్పజెప్పేదాన్ని. అమ్మ తల పంకించి, "నిజం సెప్పే మనిషైతే ఊరెందుకు మారుతాది?" అనేది. నాన్న సంగతి కూడా చెప్పేదాన్ని. నాన్న ఆవిడతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. భోజనం పెట్టేవాడు, వేన్నీళ్లు తోడేవాడు. ఒక్కటే వింత. ఆదివారం పొద్దున్నే వరండాలో వాలుకుర్చీ ఎత్తుకెళ్లి, రోడ్డు మీంచి వచ్చేవాళ్లకి కనబడకుండా చివరి స్తంభం వెనక వేసేవాడు. ఆవిడ వచ్చి అందులో కూర్చునేది. అమ్మకి ఇది చెబితే, "అలాగా" అని మాత్రం అంది. ఆ రోజు నాన్న కంచంలో కూర వెయ్యడం మర్చిపోయింది.

ఇంతలో నాకు నా సొంత అనుమానం ఒకటి పుట్టింది. అల్లరి చేసినప్పుడల్లా మా అమ్మ "నిన్ను సంతలో తవుడిచ్చి కొన్నాం" అనేది. అందరు తల్లులూ అనే మాటే. కానీ గొడుగావిడ నాతో మాట్లాడే తీరు చూస్తే నాకు వేరే అర్థం తోచింది. బడిలో ఏం చెప్పారు, ఎక్కాలు ఎన్నింటి దాకా వచ్చు, హాస్టలు పిల్లలకి తిండి ఏం పెడతారు, టీచర్లు కొడతారా అని అడిగేది. ఒకసారి నా జడ విప్పి మళ్లీ అల్లింది. చేతులు సుద్దముక్క వాసన వేశాయి. ఇంత దూరం నుంచి ఊరు పేరు మార్చుకుని వచ్చేది నా కోసమేనేమో, మా అమ్మ నన్ను నిజంగానే ఎవరి దగ్గరో కొన్నదేమో అనిపించింది. ఆ ఆలోచనకి నాకు దుఃఖం రాలేదు. గర్వం వచ్చింది. అద్దంలో నా ముక్కు, ఆవిడ ముక్కు పోల్చుకునేదాన్ని. శనివారాలకి నూనె రాసుకుని తయారుగా ఉండేదాన్ని.

ప్రతి ఆదివారం మిషను హాస్టలు పిల్లలు గుడికి మా బంగళా ముందు నుంచే వెళ్లేవాళ్లు. నీలం గౌన్లు, ఇద్దరిద్దరు చొప్పున వరస. ముందు చిన్నవాళ్లు, వెనక పెద్దవాళ్లు. వాళ్లలో చాలామంది తల్లీతండ్రీ లేనివాళ్లు. దయామణి ఆ వరసలో ఉండేది. నా క్లాసే కానీ అప్పటికి మా ఇద్దరికీ మాటల్లేవు. ఒక ఆదివారం వరస వెళ్లిపోయాక గొడుగావిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇవాళ ఒక పిల్ల రాలేదేం?" అంది.

"ఎవరండీ?"

"గడ్డం కింద మచ్చ ఉంటుంది. పొట్టి జడలు."

"దయామణాండీ? దానికి జొరం."

ఆవిడ చేతిలో గ్లాసు ఒరిగి కాఫీ చీర మీద ఒలికింది. తుడుచుకోలేదు. ఏం జ్వరం, ఎన్నాళ్ల నుంచి, డాక్టరు చూశాడా, ఎవరు పక్కన పడుకుంటున్నారు అని వరసగా అడిగింది. నాకు తెలిసినవి చెప్పాను. గదిలోకి వెళ్లి సంచీలోంచి ఒక స్వెట్టరు తెచ్చింది. ఎర్ర ఊలు, చేత్తో అల్లినది. నా వయసు పిల్లకి సరిపోయేది. "ఇది ఆ పాపకి ఇస్తావా అమ్మా? నీదేనని చెప్పు. నేనిచ్చానని మాత్రం ఎవరికీ చెప్పకు" అంది. కళ్లనిండా నీళ్లున్నాయి. పదకొండేళ్లకి నేను మరీ తెలివితక్కువదాన్ని కాదు. ఆ క్షణంలో నాకంతా తెలిసిపోయింది. ఆవిడ ఎవరి తల్లో, స్తంభం వెనక ఎందుకు కూర్చుంటుందో, నా జడ అల్లుతూ ఎవరి జడ అల్లుకుందో.

స్వెట్టరు పట్టుకుని హాస్టలుకి వెళ్లాల్సినదాన్ని. క్వార్టర్సుకి వెళ్లాను. ఇవ్వకూడదని అనుకుని వెళ్లలేదు. నా కోసం కాదన్న ఉక్రోషంతో కాళ్లు అటు నడిచాయి. అమ్మ స్వెట్టరు నా చేతిలోంచి తీసుకుని, విప్పి, చేతులూ మెడా కొలిచి చూసింది. మొహం పాలిపోయింది.

"ఇదెవరికి?"

"తెల్దు."

"మీ నాన ఇమ్మన్నాడేటి?"

నేను పావడా అంచు మెలిపెట్టాను.

"సెప్పవే. మీ నానకి ఇంకో గుంట ఉన్నాదేటి?"

నేల కేసి చూస్తూ నిలబడ్డాను. "కాదు, అది దయామణి వాళ్లమ్మ" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. అంటే దయామణికి స్వెట్టరూ, తల్లీ రెండూ దక్కుతాయి. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి ఆ స్వెట్టరుని కట్టెల మీద పడేసింది. ఊలు కాలిన కంపు రెండు రోజులు ఇల్లు వదలలేదు. నాన్న అన్నానికి వచ్చి, ఏమిటది అన్నాడు. అమ్మ కంచం ముందుకి తోసింది.

ఆ వారమే ఓవర్సీరుగారు రోడ్డు చూడడానికి వస్తే, మా అమ్మ వెళ్లి ఆయన ముందు నిలబడింది. కాగితం లేని ఆడమనిషికి నెలనెలా గది ఇస్తున్నారని చెప్పింది. గుమ్మం ఇవతల నేనున్నాను. వచ్చే నెల శనివారం మధ్యాహ్నం ఆ మనిషి బస్సు దిగేసరికి ఓవర్సీరు వరండాలో కూర్చుని ఉన్నాడు. అందరి ముందూ పేరు, ఊరు, మొగుడి పేరు అడిగాడు. ఆవిడ ఒక్కదానికీ జవాబివ్వలేదు. మెట్లు దిగి రోడ్డు పక్కన గొడుగు కింద నిలబడింది. తిరుగు బస్సు సాయంత్రం దాకా లేదు. నాన్న కుర్చీ తీసుకెళ్లబోతే ఓవర్సీరు అరిచాడు. చివరికి ఏదో లారీ ఆగితే ఎక్కి వెళ్లిపోయింది. మరి రాలేదు. మర్నాడు ఆదివారం నీలం గౌన్ల వరస మామూలుగానే వెళ్లింది. జ్వరం తగ్గిన దయామణి వెనక నుంచి నాలుగో జతలో నడిచింది. స్తంభం వెనక కుర్చీ లేదు.

నాన్నని వంటలోంచి తీసేసి రోడ్డు గ్యాంగులో వేశారు. కట్లెట్లు చేసిన చేతులతో తారు కాచాడు. అమ్మ ఆయన్ని అడగని రోజు లేదు. ఆయన ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. "మాటిచ్చినాను సుందరీ. నువ్వనుకున్నది కాదు." అంతకుమించి చెప్పకుండానే పోయాడు. ఆ తరవాత చాలా ఏళ్లకి, మంచం పట్టిన అమ్మ ఒక మధ్యాహ్నం నాతో, "ఆ సెట్టరు ఎవరిదో మీ నాన సెప్పకుండానే ఎళ్లిపోనాడు" అంది. నేను ఆవిడకి జావ పడుతున్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆలోచించి, మూతి తుడిచి లేచిపోయాను. నాన్న తప్పు చెయ్యలేదని చెబితే, నేను చేసిన తప్పు చెప్పాలి. నా భయం అది.

దయామణితో స్నేహం నేనే కలుపుకున్నాను. బడిలో మధ్యాహ్నం నా దిబ్బరొట్టెలో సగం విరిచి ఇచ్చాను. అది ఒకసారి రొట్టె కేసి, ఒకసారి నా కేసి చూసి, "ఎందుకు?" అంది. ఊరికే అన్నాను. రోజూ ఇచ్చాను. పెద్దయ్యాక నర్సు ట్రైనింగుకి అది విశాఖపట్నం వెళ్లినప్పుడు ట్రంకు పెట్టె నేను కొన్నాను. నా పెళ్లిలో తోడుపెళ్లికూతురు అదే. నా పిల్లల పురుళ్లు అదే పోసింది. తల్లీతండ్రీ కలరాలో పోయారని, మిషను ఆసుపత్రి గుమ్మంలో ఎవరో వదిలి వెళ్లారని హాస్టలు వాళ్లు చెప్పిన మాటే అది అందరికీ చెప్పేది. విన్న ప్రతిసారీ నేను వేరే పని చూసుకునేదాన్ని.

మోటెల్‌లో మర్నాడు పొద్దున దారి ఇచ్చారన్న కబురు కోసం ఎదురుచూస్తూ వరండాలో కూర్చున్నాం. మంచు విడుతోంది. ఎదుటి సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోట. మూల మీద కెమెరా మా ఇద్దరి కేసి చూస్తోంది. వెదురుబొంగు చికెన్ ఇప్పుడే ఆర్డరు ఇవ్వాలని ఎవరో వచ్చి చెప్పి వెళ్లారు. దయామణి కాఫీ ఊదుకుంటూ రోడ్డు కేసి చెయ్యి చూపించింది.

"అక్కణ్నించి నడిసెళ్లేవోలం. ఈ వరండాల సాయెబులూ దొరసానులూ కూకునుంటే సూడొద్దనీవోరు మా హాస్టలు అక్కగారు. మాకేసి సూసినోలెవరులే. ఎవరి తాలూకూ కాని గుంటలం."

నవ్వుతూనే అంది. నేను గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. గొడుగు దగ్గర్నించి లారీ దాకా ఏదీ దాచలేదు. స్వెట్టరు పొయ్యిలో పడిన సంగతి కూడా చెప్పాను. దయామణి మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయ్యాక రోగిని అడిగినట్టు అడిగింది.

"ఎంత ఎత్తుంటాది?"

"నీ అంత."

"రంగు?"

"నీకంటే తెలుపు."

"ఎన్నిసార్లు వచ్చినాది?"

"ఏడో ఎనిమిదో."

గ్లాసులో మిగిలిన కాఫీ మెట్ల పక్కన పారబోసింది. తరవాత, "నువ్వు రొట్టె పెట్టడం ఎప్పుడు మొదలెట్టినావు?" అంది.

"ఆవిడ రావడం మానేశాక."

"అంటే ఈ యాభై ఏళ్లూ దానికోసమేనేటి? ట్రంకు పెట్టె దానికోసమే. పెళ్లిల నన్ను పక్కన కూకోబెట్టుకున్నది దానికోసమే."

"మొదట్లో దానికోసమే. తరవాత కాదు."

"తరవాతంటే ఎప్పట్నుంచి?"

 ఫలానా రోజు అని వేలు పెట్టి చూపించగలిగితే ఎంత బాగుండేది. అది లేచింది. దారి ఇచ్చారని తెలిసి కారెక్కేటప్పుడు వెనక సీటులో నా పక్కన కాకుండా డ్రైవరు పక్కన కూర్చుంది. పెళ్లిలో పిల్లని ముద్దాడింది, అందరితో నవ్వింది, అడ్డాకు విస్తట్లో వడ్డించినవన్నీ తింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిరుగుదారిలో బస్సులో వెళ్తానని పాడేరులో దిగిపోయింది.

తరవాత నెలల్లో దాని ఫోన్లు వచ్చేవి. బాగున్నావా అని ఉండదు. "బొబ్బిలి అన్నది ముందా, పార్వతీపురం ముందా?" "ఎడం చేత్తో రాసేదా?" అంతే, పెట్టేసేది. ఆ ఊళ్లు తిరుగుతోందని, పాత బడుల్లో ముసలి టీచర్ల ఇళ్లు వెతుక్కుంటోందని నాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. నేను ఆ రోజుల్లో చాలా ఆలోచించాను. మా నాన్న ఒక మొహం చూసి, కాగితం లేకుండా తాళం తీశాడు. ఇవాళ్టి కౌంటరు మనిషికి నా మొహం, నా కార్డు, నా ఫోన్ నంబరు అన్నీ ఉన్నా తాళం ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అప్పటి కాలమే మంచిదని చెప్పడానికి నాకు హక్కు లేదు. అప్పుడు కెమెరాలు లేవు నిజమే. మా అమ్మ కిటికీ ఉంది, నేనున్నాను. కెమెరాకి తను చూసింది ఏమిటో తెలీదు. నాకు తెలుసు, తెలిసి మాట్లాడలేదు.

పోయిన నెల ఒక పొద్దున్న తలుపు కొడితే తీశాను. దయామణి. కాళ్లు కడుక్కోలేదు, మంచినీళ్లు వద్దంది. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఒక పాత ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. ఏదో బడి ముందు మూడు వరసల్లో టీచర్లు. నడుమ హెడ్‌మాస్టరు, అటూ ఇటూ ఆడవాళ్లు తొమ్మిదిమంది. అందరికీ మోచేతుల దాకా రవికలే.

"పార్వతీపురంల రిటైరైన టీచరొకామె ఇచ్చినాది. ఇందుల ఉన్నాదేమో సూడు. ఆ మొగం సూసినోలల్ల బతికున్నది నువ్వొక్కదానివే" అంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు తుడిచి చూశాను. రెండో వరసలో ఎడమ నుంచి మూడో ఆవిడ గడ్డం దయామణి గడ్డంలా ఉంది. పై వరస చివరావిడ నిలబడిన తీరు ఆవిడలా ఉంది. నా వెనక దయామణి ఊపిరి వినిపిస్తోంది. తను ఫోటో చూడడం లేదని, నా మొహమే చూస్తోందని తిరగకుండానే తెలిసింది. ఎవరో ఒకరి మీద వేలు పెడితే చాలు, దానికి ఒక తల్లి దొరుకుతుంది, నాకు నా స్నేహితురాలు దొరుకుతుంది. ఆ గడ్డం మీద వేలు పెడదామని చెయ్యి ఎత్తాను కూడా.

"తెలీదు దయా. ఆ మొహం నాకు గుర్తు లేదు. గొడుగు గుర్తుంది, చేతులు గుర్తున్నాయి. మొహం లేదు" అన్నాను.

అది ఫోటో నా చేతిలోంచి తీసుకుని జాగ్రత్తగా కవర్లో పెట్టుకుంది. సంచీ భుజాన తగిలించుకోలేదు. నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అవునని ఏలెట్టి సూపించుంటే నమ్మకపోదును" అంది. సంచీ కింద పెట్టి, "ఆకలేస్తన్నాది. ఏటైనా ఉంటే పెట్టు" అంది.